దూరపు కొండ

పిల్లకు కళ్లద్దాలు రాసిచ్చిన డాక్టరమ్మ చివర్లో ఒక మాట చెప్పారు. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి పుస్తకం, ఫోను పక్కన పెట్టి, 20 అడుగుల అవతల ఉన్న దేన్నయినా 20 సెకన్లు చూడాలి. కళ్ల డాక్టర్లు ఇప్పుడు అందరికీ చెప్పే మాటే ఇది. దగ్గరిది చూస్తున్నంతసేపూ కంటి లోపలి చిన్న కండరం బిగబట్టి ఉంటుంది. చూపు దూరానికి పోయినప్పుడే దానికి విడుపు. పగటి వెలుతుర్లో ఆరుబయట ఎక్కువసేపు గడిపే పిల్లలకు సైటు వచ్చేది తక్కువని కూడా ఆమె చెప్పారు.

ఇంటికొచ్చాక పిల్లను ఎక్కడ నిలబెట్టి ఏం చూడమనాలో నాకు తోచలేదు. మేముండేది బెంగళూరులో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తు. హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు 20 అడుగులు రాదు. బాల్కనీలోకి పోతే ఎదురు బిల్డింగు. అక్కడ ఆరేసిన తువ్వాళ్లు, ఏసీ డబ్బాలు, నల్లబడిన పైపులు. కొలిస్తే 20 అడుగులు ఉండొచ్చు. కానీ చూపు అక్కడికి పోయి గోడకు తగిలి వెనక్కి వచ్చేస్తుంది. పైకి చూస్తే రెండు మిద్దెల మధ్య కాస్త ఆకాశం. వీధిలోకి దిగితే బండ్లు మీద పడతాయి కాబట్టి కళ్లు కాళ్ల ముందరే ఉండాలి. ఆఫీసులో పొద్దంతా మూరెడు దూరంలో తెర. తిరిగొచ్చే దారిలో ముందు బండి వెనక లైటు. ఇట్లా లెక్కేసుకుంటూ పోతే, మామూలు రోజున నా చూపు వంద గజాలు దాటి పోయే సందర్భం దాదాపు లేదని తెలిసింది. అది తెలిసిన రోజు నుంచి నాకు మా కొండ మరీ మరీ గుర్తుకొస్తోంది.

మాది మదనపల్లె పక్కన, కురబలకోట దగ్గర పల్లె. వాకిట్లో నిలబడితే పడమటి దిక్కున ఏనుగు మల్లమ్మ కొండ. బస్సు బోర్డుల మీద, టూరిజం వాళ్ల కాగితాల మీద హార్స్లీ హిల్స్. మా పెద్దవాళ్ల నోట్లో ఎప్పుడూ మల్లమ్మ కొండే, ఇంకా చెప్పాలంటే ఉత్త కొండే. చుట్టూ గుట్టలకు కొదవ లేదు. అయినా కొండ అంటే అదొక్కటే. కొండకు పోవడమనేది ఏడాదికో రెండేళ్లకో జరిగే సంగతి. కొండను చూడటం మాత్రం రోజూ ఉండేది, అదీ ఎవరూ చెప్పకుండానే. పాలు పిండటానికి దొడ్లోకి పోతూ మా అవ్వ ఒకసారి అటు చూసేది. భుజాన పార వేసుకుని కయ్యలోకి పోయే నాయన ఒకసారి చూసేవాడు. అది దండం కాదు, భక్తి కాదు. పొద్దు ఎట్లుందో కనుక్కోవడం.

కొండ శిఖరం కనపడకుండా మబ్బు దిగితే, "కొండ కంబళి కప్పుకునింది, చెనిక్కాయలు ఎండేసినోళ్లు ఎత్తుకోండ్రా" అని అవ్వ వీధంతా వినపడేట్టు అరిచేది. అరిచిన రోజు సాయంత్రానికి వాన పడకపోయిన సందర్భాలూ ఉన్నాయి. అయినా మర్నాడు మళ్లీ అందరూ ఆమె మాట వినేవాళ్లు. గాలి శుభ్రంగా ఉన్న పగలు కొండ మీది బండలు వేరువేరుగా కనిపించేవి. వాన వెలిసిన మర్నాడు ఇంకా దగ్గరికి జరిగినట్టుండేది. ఎండాకాలం మధ్యాహ్నం ఉత్త బూడిద రంగు గీత. మాఘం పోయి బోద ఎండిపోయినాక ఏదో ఒక రాత్రి కొండకు నిప్పు అంటుకునేది. మిద్దె మీద పడుకున్న మేమంతా లేచి కూర్చుని చూసేవాళ్లం. ఎర్రటి దారం వంటి గీత ఒకటి మెల్లగా పైకి పాకుతూ, ఒకచోట తెగి, ఇంకోచోట అంటుకుని పోతుండేది. అది ఏ బండ కింద, ఏ దిక్కు నుంచి ఎక్కుతోంది, రేపటికి ఎక్కడ ఆగుతుంది అని పెద్దవాళ్లు పేర్లతో సహా చెప్పుకునేవాళ్లు. బోద కోతకు, సీతాఫలాలకు, పొరకలకు కొండెక్కి తిరిగినవాళ్లు కాబట్టి వాళ్లకు ప్రతి మలుపూ తెలుసు. ఇన్ని మైళ్ల అవతల చీకట్లో కదిలే నిప్పుగీతను చూసి చోటు పేరు చెప్పగలిగిన కళ్లు అవి. ఆ కళ్లలో చాలావాటికి అక్షరాలు రావు. అయినా వాటికి తెలిసిన చదువు చిన్నది కాదు.

దూరపు కొండలు నునుపు అని సామెత. దూరం నుంచి చూసి మోసపోవద్దని చెప్పడానికి వాడతారు. కొండ కింద పుట్టినవాళ్లకు ఆ సామెత పూర్తిగా ఒప్పదని నా నమ్మకం. రోజూ చూసేవాడికి దూరపు కొండ నునుపుగా ఉండదు. గరుకు, గీత, పగులు, పచ్చిక పట్టిన చోటు, బోడిగా మిగిలిన చోటు అన్నీ కనపడతాయి. నునుపుగా కనిపించేది ఒక్కసారి చూసి పోయేవాడికే. దూరం మోసం చేస్తుందనేది నిజమే కావచ్చు. కానీ ఏళ్ల తరబడి చూస్తే ఆ దూరమే చెప్పే నిజాలు కూడా ఉంటాయి.

రాత్రిపూట కొండ మీద నాలుగైదు దీపాలు వెలిగేవి. పైన ఉండే బంగళాలవో, ఫారెస్టు వాళ్ల క్వార్టర్లవో. మిద్దె మీద పడుకుని వాటిని చూస్తూ నేను చాలాసేపు మేలుకుని ఉండేవాణ్ని. అక్కడ ఎవరో ఉన్నారు, దీపం పెట్టుకుని అన్నం తింటున్నారేమో, వాళ్లకు నేను తెలీదు, నేనిక్కడ పడుకుని వాళ్ల దీపం చూస్తున్న సంగతి వాళ్లకు తెలీదు. ఆ వయసులో ఇది పెద్ద ఆలోచన. మన ఇల్లు, మన బడి, మన పేచీలు కాక ఇంకేవో బతుకులు ఎక్కడో జరిగిపోతున్నాయని నాకు మొదట చెప్పినవి ఆ దీపాలే. పుస్తకాలు, రైళ్లు, పట్నాలు ఆ తర్వాత వచ్చాయి. మీటర్ గేజి రోజుల్లో ధర్మవరం, పాకాల మధ్య తిరిగే రైలు మా కురబలకోట స్టేషన్లో ఆగి, మళ్లీ కూతేసి, మలుపు తిరిగి, కనుచూపు మేరకు పోయేదాకా మేము చెరువు కట్ట మీద నిలబడి చూసేవాళ్లం. ఏదైనా సరే, వచ్చేది కనపడి, దగ్గరై, దాటి, చిన్నదైపోయే దాకా చూసే వీలు మాకుండేది. ఎదురుచూడటం అన్నది మాకు అట్లా అలవాటైంది. ఇప్పుడు నా కూతురికి ఆటో వస్తున్న సంగతి ఫోన్లో చిన్న బొమ్మ చెబుతుంది. గేటు దగ్గరికి వచ్చి నిలబడిన తర్వాతే అసలు ఆటో కంటికి కనపడుతుంది.

మల్లమ్మ కథ మా అవ్వ చెప్పిందే నాకు తెలుసు. కొండ మీద దిక్కులేని ఆడపిల్లను ఏనుగులు సాకాయి. ఆ పిల్ల పెరిగి పెద్దదై, అడవిలో వాళ్లకు జబ్బు చేస్తే ఆకు పసరు ఇచ్చి బాగు చేసేది. ఒకరోజు ఉన్నట్టుండి కనపడకుండా పోయింది. జనం ఆమెకు గుడి కట్టుకున్నారు. గుడి ఇప్పటికీ కొండ మీద ఉంది. "మరి ఆ ఏనుగులు యాడికి పోయినాయవ్వా?" అని అడిగితే అవ్వ చెయ్యెత్తి దక్షిణం వైపు చూపించేది. "ఆ పక్కకు పోయినాయి నాయనా." ఆమె ఏం అనుకుని చూపించిందో గానీ, దక్షిణాన నిజంగానే ఏనుగులున్నాయి. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి పలమనేరు, కుప్పం అడవులకు ఏనుగుల గుంపులు వచ్చి నిలిచిపోయాయి. వాటికోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది.

ఆ పక్క పల్లెల్లో మా చుట్టాలున్నారు. చేను కోతకొచ్చే రోజుల్లో వాళ్లు రాత్రిపూట మంచె మీద కూర్చుని అడవి అంచు వైపు చూస్తూ ఉంటారు. ఏనుగు దూరంగా ఉండగానే కనిపెట్టాలి. దగ్గరికొచ్చాక కనిపెట్టి లాభం లేదు. వరి తొక్కిపోతుంది, చెరుకు పోతుంది, ఒక్కోసారి మనిషి ప్రాణమే పోతుంది. మా మామ ఒకసారి నాతో చెప్పాడు: "చీకట్లో ఏనుగు కనపడదబ్బా. ఏనుగున్న చోట చీకటి కదుల్తాది. దాన్ని చూడాల." కొండను చూసి ఊహలు అల్లుకున్న నా బాల్యానికి, మంచె మీద కూర్చున్న వాళ్ల రాత్రులకు తేడా చాలా ఉంది. నాకు అది ఆట, వాళ్లకు కూడు. ఆ తేడా మరిచిపోయి చూపు గురించి, దూరం గురించి మాట్లాడటం నాకిష్టం లేదు. కానీ రెండు చోట్లా కన్ను చేసిన పని ఒకటే. అందనంత దూరాన ఉన్నదాన్ని ఓపికగా చూసి, దాని మనసు తెలుసుకోవడం.

కొండకు బోర్డుల మీది పేరు హార్స్లీ అనే దొర వల్ల వచ్చింది. ఆయన కడప జిల్లా కలెక్టరు. మదనపల్లె అప్పట్లో ఆ జిల్లాలోదే. చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో. కడప ఎండలు తెలిసినవాళ్లకు ఆయన పైకి ఎందుకు ఎక్కాడో వివరించి చెప్పక్కర్లేదు. వెయ్యి అడుగులు ఎక్కితే సుమారు 2 డిగ్రీల వేడి తగ్గుతుంది. మదనపల్లే 2,200 అడుగుల పైన ఉన్న ఊరు. కొండ కొన 4,000 అడుగులు దాటుతుంది. ఆయన 1870 ప్రాంతంలో అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. పైన కల్యాణి అని పేరు పెట్టిన నీలగిరి చెట్టొకటి ఉంది. 1859లో నాటిందని చెబుతారు, 1995లో దానికి మహావృక్ష పురస్కారం కూడా వచ్చింది. దాని బోదె చుట్టూ చేతులు చాచి పట్టుకోవడానికి చిన్నప్పుడు మేము ప్రయత్నించేవాళ్లం. దొర సంగతి ఇంతకంటే నాకు పెద్దగా అక్కర్లేదు. ఆయన చల్లదనం కోసం పోయాడు, దొరికింది. మాకు మాత్రం కొండ ఇచ్చింది చల్లదనం కాదు. కింద మేము ఎండలోనే ఉన్నాం.

మా ప్రాంతపు గాలిని మందుగా నమ్మి వచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు. క్షయకు మాత్రలు లేని కాలంలో, 1912లో మదనపల్లెలో మిషనరీ సంఘాలు కలిసి ఆ జబ్బుకు ఆసుపత్రి పెట్టాయి. 1915లో అది ఊరి బయటికి, ఆరోగ్యవరానికి మారింది. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమొట్ మోలర్ దాన్ని ఏళ్ల తరబడి నడిపాడు. స్ట్రెప్టోమైసిన్ 1940లలో గానీ రాలేదు. అంతవరకూ వైద్యమంటే విశ్రాంతి, మంచి తిండి, గాలి. దక్షిణాదిలో ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చి నెలల తరబడి మంచం మీదే గడిపారు. వాళ్లు ఆ రోజుల్లో ఏం చూస్తూ గడిపి ఉంటారా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. చదవడానికి ఓపిక ఉండదు, మాట్లాడితే దగ్గు. కళ్లు తెరిస్తే మా గుట్టలు, మా ఆకాశం. గాలి బాగు చేసిన మాట నిజమో కాదో డాక్టర్లు తేల్చాలి. మనిషి బతకడానికి పెట్టుకున్న ఆశకు ఆ దిగంతం ఏదో కొంత సాయం చేసి ఉంటుందని మాత్రం నాకు గట్టి నమ్మకం.

రిషి వ్యాలీ మా ఊరికి దగ్గరే. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరుతో లోకమంతా తెలిసిన బడి అది. దాని ఫీజులు మా పల్లె పిల్లలకు అందేవి కావు. కానీ ఆ బడిలో ఒక అలవాటు ఉందని చిన్నప్పుడే విన్నాను. పొద్దు గూకే వేళ పిల్లలందరూ ఒకచోట చేరి, మాట్లాడకుండా కూర్చుని, సూర్యుడు కొండల వెనక్కి దిగేదాకా చూస్తారు. అస్తాచల్ అంటారు దాన్ని. విన్నప్పుడు మాకు వింతగా తోచింది. మేము ఎనుముల్ని తోలుకొస్తూ రోజూ చూసేదాన్ని ఒక బడి తన టైం టేబుల్లో పెట్టుకుందా అని. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పని చేసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలనిపిస్తోంది. లెక్కలకు ఒక గంట, సైన్సుకు ఒక గంట ఉన్నట్టే ఊరికే దూరం చూడటానికీ పిల్లవాడికి రోజులో కాస్త సమయం కేటాయించాలని వాళ్లకు తోచింది. మా కూతురి బడి పట్నంలో పేరున్నదే. ఆటస్థలానికి పైన కూడా రేకుల కప్పు ఉంది. ఎండ తగలకుండా అన్నారు.

మనసు విప్పి చెప్పాలంటే నా బాధ ఇది. పట్నంలో పిల్లలకు మనం అన్నీ దగ్గరికి తెచ్చి పెడుతున్నాం. కావాల్సింది తలుపు దగ్గరికే వస్తుంది. ఆఖరికి ఆవు కూడా. పుంగనూరు ఆవు మూడడుగుల ఎత్తు కూడా ఉండదు, పాలలో వెన్న మాత్రం చాలా ఎక్కువ. మెట్ట నేలల్లో తిరిగి, దొరికిన గడ్డి తిని బతికే జాతి. అంతరించిపోయే దశకు వస్తే పలమనేరు పశు పరిశోధన కేంద్రం కాపాడుతూ వచ్చింది. ఇప్పుడు దాని దూడల్ని పట్నంలో హాల్లో సోఫాల మధ్య నడిపిస్తున్న వీడియోలు చూస్తున్నాను. ముద్దుగా ఉంటుంది, కాదనను. కానీ ఆ దూడ కంటి ముందర కూడా గోడే ఉంది కదా అని దిగులేస్తుంది. చేతికందే దూరంలో అన్నీ ఉన్న ఇంట్లో, అందని దాన్ని ప్రేమించడం పిల్లకు ఎట్లా తెలుస్తుంది? నాకు కొండ మీద ప్రేమ పుట్టింది అది నాకు అందదు కాబట్టే. దాన్ని కొనలేను, తేలేను, కదిలించలేను. నేను బడి ఎగ్గొట్టినా, ఏడ్చినా, పరీక్ష పాసైనా అది అక్కడే ఉంటుంది. చిన్నపిల్లవాడికి అంత పెద్ద ధైర్యం ఇంకెవరూ ఇవ్వలేరు.

పట్నంలో దూరం ఎక్కడెక్కడ మిగిలిందో నేను వెతుక్కుంటూ ఉంటాను. మెట్రో స్తంభాల మీదుగా పోయేచోట కిటికీ పక్కన నిలబడతాను. రోడ్డు మీద కనపడనిది అక్కడ కనపడుతుంది. మిద్దెల మీద నీళ్ల ట్యాంకులు, చెట్ల తలలు, ఒక చెరువు, దాని అవతల ఇంకో మిద్దెల వరస, ఆపైన ఆకాశం నేలకు ఆనే చోటు. కాసేపట్లో మళ్లీ బిల్డింగులు దగ్గరికి వచ్చేస్తాయి. బోగీలో అందరూ ఫోన్లు చూస్తుంటారు. వాళ్లను తప్పు పట్టను, రోజంతా పని చేసి అలసిన మనుషులు. ఉత్తరం దిక్కున ఉండే స్నేహితుడి అపార్టుమెంటు పై అంతస్తు నుంచి వాన వెలిసిన పొద్దున నంది కొండలు కనిపిస్తాయి. అవి కనపడ్డ రోజు వాడు ఫొటో తీసి పంపిస్తాడు. వాడిది పుంగనూరు. ఎందుకు పంపుతాడో వాడూ చెప్పడు, నేనూ అడగను.

కుప్పం నుంచి బెంగళూరుకు రోజూ రైల్లో పోయి వచ్చేవాళ్లు ఎంతోమంది. వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం, పొద్దు పొడవకముందే స్టేషన్ చేరాలి, రాత్రికి గానీ ఇల్లు చేరరు. వాళ్ల కష్టం చూసి ఒకాయనతో అన్నాను, "ఇక్కడే ఒక రూము తీసుకోకూడదా అన్నా?" అని. బాడుగల సంగతి, అమ్మానాన్నల సంగతి చెప్పి, చివర్లో ఆయన అన్నాడు: "బంగారపేట దాటినాక నేల తెరుచుకుంటాది తమ్ముడూ. ఆడ కిటికీ కాడ కూర్చుంటే పగలంతా పడిన మాటలు యాడికో పోతాయి." జీతం రాళ్లు చాలని బతుకులో ఆ కిటికీ విలువ ఎంతో ఆయన లెక్కేసుకునే ఉన్నాడు.

ఇది మన ఒక్కరి ఆకలి కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బండ్లు, ఫ్యాక్టరీలు ఆగిపోయాయి. ఏప్రిల్ మొదట్లో పంజాబులోని జలంధర్ జనం మిద్దెలెక్కి చూస్తే, వంద కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ధౌలాధార్ మంచుకొండలు తెల్లగా కనిపించాయి. ఎన్నో ఏళ్లుగా పొగలో మునిగిపోయి కనపడని కొండలు. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన కుర్రవాళ్లు చాలామంది వాటిని తమ ఇంటి మీద నుంచి చూడటం అదే మొదలు. అంత భయం ఆవరించి ఉన్న రోజుల్లో, చావు వార్తల మధ్య, ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. నేను ఆ ఫొటోలను చాలాసేపు చూశాను. మంచు నాకు పెద్దగా పట్టలేదు. నన్ను పట్టుకుంది ముందు భాగంలో కనిపించే మామూలు మిద్దెలు, నీళ్ల ట్యాంకులు, బట్టల తీగలు. ఆ బట్టల తీగల వెనక ఆ కొండ ఎప్పుడూ ఉంది. వాళ్లకు దక్కాల్సిన చూపును పొగ ఎత్తుకుపోయింది. ఊరు గాలిని పాడు చేస్తే ఊపిరితిత్తుల సంగతి అందరూ మాట్లాడతారు, మాట్లాడాలి కూడా. పోయిన కొండల లెక్క కూడా ఎవరైనా రాయాలి.

సెలవులకు ఊరికి పోయినప్పుడు పిల్లను కొండకు తీసుకుపోయాను. కాండ్లమడుగు దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ముందూ వెనకా కర్ణాటక నంబరు కార్లే. శని, ఆదివారాల్లో బెంగళూరు సగం అక్కడే ఉంటుందనిపిస్తుంది. రిసార్టు, హోటళ్లు, ఆటల సామాన్లు. చెట్ల కింద విసిరేసిన చిప్స్ కవర్లు చూస్తే కడుపు మండుతుంది. అయినా వచ్చినవాళ్ల మీద నాకు కోపం లేదు. గోడల మధ్య వారమంతా గడిపినవాళ్లు కొండ మీది గాలిబండ దాకా పరుగెత్తి వచ్చారంటే వాళ్లకేం కావాలో నాకు తెలుసు. మెడలో బైనాక్యులర్లు వేసుకున్న ఇద్దరు పసుపు గొంతు పిగిలిపిట్ట కోసం పొద్దుటి నుంచి ఒక బండ దగ్గరే కాచుకుని ఉన్నారు. రాళ్ల గుట్టల్లో మాత్రమే ఉండే అరుదైన పిట్ట అది, మా కొండలో ఉంది. వాళ్ల ఓపిక చూసి నా పిల్ల గొంతు తగ్గించి మాట్లాడింది.

గాలిబండ మీద గాలి మనిషిని తోసేస్తుంది. కూర్చుంటేనే నిలకడ. పిల్లను కూర్చోబెట్టి, "మన ఊరు కనుక్కో" అన్నాను. మొదట ఏమీ కనపడలేదంది. "అంతా ఒకటే రంగు నాన్నా." కాసేపు ఊరుకున్నాను. కళ్లు కుదురుకోవడానికి టైం పడుతుంది, అప్పటిదాకా నేల ఉత్త గోధుమరంగు గుడ్డే. తర్వాత తనే, "అక్కడేదో మెరుస్తోంది, చెరువా?" అంది. చెరువు కాదు, టమోటా తోటల్లో మొక్కల మొదళ్ల చుట్టూ పరిచిన మల్చింగ్ షీటు. మెరుపు కదలకుండా చారలు చారలుగా ఉంటే అది తోట. గాలికి వణుకుతుంటే అది నీళ్లు. అట్లా చెప్పాక వరసగా చెరువులు దొరికాయి. ఒకటి నిండుగా, ఒకటి సగం ఎండి అంచులు తెల్లబడి. ఆ రెండో దాని కింద కయ్యలు లేవు, ఇళ్ల ప్లాట్ల రాళ్లు ఉన్నాయి. తెల్లటి చుక్క ఒకటి కదులుతుంటే అది టమోటా లోడుతో మదనపల్లె మార్కెట్టుకు పోయే బండి అయ్యుండాలి. 2023 జూలై చివర్లో ఆ మార్కెట్లో కిలో టమోటా 200 రూపాయల దాకా పోయింది. అదే కాయను రోడ్డు పక్కన పారబోసిన ఏడాదులు మా వాళ్లు చాలా చూశారు. వాన రాకను కొండను చూసి పసిగట్టిన రైతుకు, ధర రాకను పసిగట్టే మిట్ట ఇంకా దొరకలేదు.

రైలు పట్టాలు పట్టుకుని చూపును నడిపించమన్నాను. స్టేషన్ దొరికింది. దాని నుంచి ఎడమకు. ఒక గుట్ట, దాని పక్కన చింతచెట్ల గుంపు, ఒక గుడి గోపురం ఉండీ లేనట్టు. "అదేనా?" అంది. అదే. అవ్వ పాలు పిండటానికి పోయిన దొడ్డి అక్కడ. మేం పడుకున్న మిద్దె అక్కడ. పిల్ల అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. "అక్కణ్నుంచి నువ్వు ఇక్కడికి చూసేవాడివా?" అంది. రోజూ అన్నాను. "ఏం చూసేవాడివి?" అంది. మబ్బు, నిప్పు, దీపాలు అని చెప్పాను. ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను గానీ, అది తను కూడా కొన్నేళ్లు చూస్తే తప్ప తెలిసేది కాదు.

మా తమ్ముడు ఊళ్లో పాత ఇల్లు పడగొట్టి కొత్తది కడుతున్నాడు. కొండ నుంచి దిగి నేరుగా అక్కడికే పోయాం. గోడలు కిటికీ మట్టానికి లేచి ఉన్నాయి. పడమటి గోడ దగ్గర వాడికీ మేస్త్రికీ వాదన జరుగుతోంది. ఆ గోడకు కిటికీ పెడితే సాయంత్రం ఎండంతా లోపలికే కొడుతుంది, గది వేడెక్కిపోతుంది, దానికి బదులు గూడు పెట్టి టీవీ పెట్టుకోండి అని మేస్త్రి చెబుతున్నాడు. ఆయన చెప్పింది న్యాయమే, ఇళ్లు కట్టిన అనుభవంతో చెబుతున్నాడు. మా తమ్ముడు అంతా విన్నాడు. టేపు తీసుకుని గోడ మీద తనే కొలిచి, బొగ్గుతో రెండు గీతలు గీశాడు. ముందు అనుకున్నదానికంటే ఒక అడుగు వెడల్పు ఎక్కువ.

"ఎండ కొడితే కొట్టనీలే మేస్త్రీ, పరదా వేసుకుంటాం. పిల్లోళ్లకు కొండ కనపడాల."